పోశమ్మ సారు ఇంటర్వ్యూ

"మజహర్ భాయ్, ఇవాళ్టి నుంచి పటాన్‌చెరులో నేరస్థులకు నిద్ర ఉండదు. సత్తిబాబు మెదడు మేలుకుంది!"

పంక్చరు వేస్తున్న మజహర్ తలెత్తలేదు. బొంబాయి రోడ్డు పక్కన అతనిది సైకిళ్ళ కిరాయి దుకాణం. సత్తిబాబు తణుకు వైపు నుంచి వచ్చినవాడు. బావగారి ఫ్యాక్టరీ క్వార్టర్లో భోంచేస్తూ, ఉద్యోగం తప్ప మిగతావన్నీ వెతుకుతుంటాడు. తాను డిటెక్టివునని మండే ఎండలో కూడా వానకోటు విప్పడు. కిందటి నెల ఎవరిదో తప్పిపోయిన కోడిని పట్టుకుంటానని బయల్దేరి, ఆ కోడిని వండిన ఇంట్లోనే సుష్ఠుగా భోంచేసి, "ఇక్కడ ఆధారాలేమీ లేవు" అని చేతులు కడుక్కుని వచ్చిన ఘనుడు.

"మేలుకుంటే మేలుకుంది గని, జెర ఆ పంపు ఇటియ్యి," అన్నాడు మజహర్.

సత్తిబాబు పంపు ఇవ్వలేదు. దుకాణం పక్క గది తలుపుకు చెవి ఆనించాడు. అందులో సంగారెడ్డి అవతలి కొండాపూర్ నుంచి వచ్చిన యాదన్న, అతని భార్య పోశమ్మ కిరాయికి ఉంటున్నారు.

లోపల ఒక ఆడగొంతు ఉరుముతోంది. "నిజం జెప్పు. ఊరిడిసి ఈడికెందుకొచ్చినవ్?"

"పని కోసం సార్," వణుకుతూ మగగొంతు.

"నిన్నే ఎందుకు తీసుకోవాలె? నీ అసొంటోళ్ళు బయట మస్తుమంది నిలవడ్డరు."

"మీరెట్ల జెప్తె అట్ల జేస్త సార్."

"మిషిన్ కాడ తేడా వస్తె ముందుగాల ఏం జేస్తవ్?"

"కరెంటు బంద్ జేస్త సార్. ఎన్క అన్ని ఇప్పి పెడ్త!"

సత్తిబాబు ముఖం పాలిపోయి, మరుక్షణమే దీపంలా వెలిగింది.

"విన్నావా? కుట్ర! కరెంటు ఆపి, యంత్రాలు విప్పేస్తారట. ముఠా నాయకురాలు ఆడమనిషి. రహస్యనామం 'సార్'!"

"అరె పాగల్, యాదన్నకు ఇయ్యాల ఫిట్టర్ నౌకరికి ఇంటర్వ్యూ ఉంది. పెండ్లాం సవాళ్ళు అడుగుతుంది, ఆయన జవాబ్ జెప్తుండు."

"నీకా కట్టుకథ చెప్పారన్నమాట! అమాయకుడివి."

మజహర్ రెండు చేతులూ నీళ్ళ తొట్టిలో ఉన్నాయి. అవి బయటికి తీసేలోగా సత్తిబాబు దుకాణం తాళం తెచ్చి ఆ గదికి వేసేశాడు. "చాబీ ఇయ్యి!" అని మజహర్ లేవగానే, "ఆధారం శత్రువు చేత పడరాదు!" అంటూ తాళంచెవి విసిరేశాడు. అది అటుగా పోతున్న చెరుకు లారీలో పడి, సంగారెడ్డి దారి పట్టింది.

లోపల తలుపు దబదబా మోగింది. "ఎవలయ్యా తాళమేసింది? ఇంటర్వ్యూకు పోవాలె!"

ఈ నౌకరి కోసమే యాదన్న ఎడ్లను అమ్ముకుని పట్నం దారి పట్టాడని మజహర్‌కు తెలుసు.

"పరేషాన్ కాకున్రి, తాళం పగలగొడ్త!" అని సుత్తె కోసం దుకాణంలోకి పరుగెత్తాడు.

"అందాంక ఇంకోపాలి జెప్పు," అని లోపల పోశమ్మ మళ్ళీ సారైపోయింది.

అప్పుడే టై కట్టుకున్న ఒక పెద్దమనిషి పంక్చరైన స్కూటరును నెట్టుకుంటూ వచ్చాడు. సత్తిబాబు ఆయన్ను పక్కకు లాగి, తాను విన్న ప్రశ్నలన్నీ గుసగుసగా వల్లించాడు. వినేకొద్దీ ఆయన కనుబొమలు పైకి లేచాయి.

"ఇవి నీకెవరు చెప్పారు? నేను ఫ్యాక్టరీ ఆఫీసర్ని, చలపతిరావు నా పేరు. ఇవాళ ఇంటర్వ్యూలో నేను అడగబోయేవి ఇవే!"

"అంటే... అసలు నాయకుడివి నువ్వే!" సత్తిబాబు వెనక్కి గెంతి, రెండు చేతులూ చాపి తలుపుకు అడ్డంగా ఆనుకున్నాడు. "కదలకు!"

ఆయన కదల్లేదు, తలుపు కదిలింది. చెదలు తిన్న ద్వారబంధం పెళ్ళుమంది. తాళంతో సహా తలుపూ, తలుపుతో సహా సత్తిబాబూ గదిలో వెల్లకిలా పడ్డారు.

లోపల చీరమీద మొగుడి చొక్కా తొడుక్కుని, డబ్బా మీద కాలుమీద కాలేసుకుని పోశమ్మ. ఎదురుగా చెమటలు కక్కుతూ యాదన్న.

"నా ప్రశ్నలు నీకెలా తెలిశాయమ్మా?" అన్నాడు చలపతిరావు.

"మా అన్న శానా ఫ్యాక్టరీలు తిరిగిండు సారూ. ఏడికి పోయినా గివ్వే అడిగిన్రట. ఇయ్యాల ఇంటర్వ్యూకని మా ఆయనతోని జెప్పిస్తున్న."

సుత్తె పట్టుకొచ్చిన మజహర్ నవ్వాపుకోవడానికి అటు తిరిగాడు. చలపతిరావు దగ్గి, యాదన్న వైపు చూశాడు. "సరే. నీ పేరేమిటి?"

యాదన్న నోరు తెరిచాడు. నిజం ఆఫీసరును చూసేసరికి నాలుక అంగిట్లో అతుక్కుంది. ఇక అయిపోయింది అనుకున్నాడు మజహర్.

"పేరు జెప్పు!" ఉరిమింది పోశమ్మ.

"యాదన్న సార్!"

చలపతిరావుకు కిటుకు అర్థమైంది. ఎవరూ ఎక్కడా అడగనిది ఒకటి ఆలోచించి, ఆమెకే చెప్పాడు. "బేరింగు వేడెక్కితే ఏం చేస్తాడో అడుగమ్మా."

బేరింగంటే ఏమిటో పోశమ్మకు తెలియదు. అయినా గొంతు తగ్గించలేదు. "బేరింగు ఏడెక్కితె ఏం జేస్తవ్?"

ఊళ్ళో నీళ్ళ మోటార్లు బాగుచేసిన యాదన్న గ్రీజు దగ్గర మొదలుపెట్టి, మిషను ఊడదీసి మళ్ళీ బిగించేదాకా ఆపలేదు.

"మిగతాది అక్కడ అడుగుతాను. పద," అన్నాడు చలపతిరావు. స్కూటరు మజహర్ దగ్గర వదిలి, ఆయన ఒక కిరాయి సైకిలెక్కాడు. యాదన్న ఇంకొకటెక్కాడు. వెనక క్యారియరు మీద, అవసరం పడుతుందేమోనని, పోశమ్మ.

యాదన్నకు నౌకరి వచ్చింది. అదంతా తన పరిశోధన ఫలితమేనని సత్తిబాబు ఊరంతా చాటుకున్నాడు. ఆ చాటింపు బావగారి చెవిన పడింది. పరిశోధనలు చాలించి, ఆ పోశమ్మ దగ్గరే నాలుగు జవాబులు నేర్చుకుని ఇంటర్వ్యూకు పొమ్మని గదిమాడాయన. సత్తిబాబు వచ్చి డబ్బా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నీ బలమేంది?" అంది పోశమ్మ.

"నిజం ఎక్కడ దాక్కున్నా పట్టేస్తానండి, సార్."

"మరి బలహీనత?"

సత్తిబాబు వానకోటు కాలరు పైకెత్తి, కళ్ళు చిట్లించి చాలాసేపు ఆలోచించాడు. "ఎంత వెతికినా ఒక్క ఆధారం కూడా దొరకట్లేదండి."

బయట పంక్చరు వేస్తున్న మజహర్ చేతిలో పని పక్కన పెట్టాడు.

"ఆరామ్‌గ కూసో పోశమ్మా, ఈయన బలహీనతలు నేను జెప్త. జెర చాయ్ గూడ పెట్టు."