అల్లుడుగారి ఒంట్లో కరెంటు

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. స్నానం, ఇస్త్రీ చొక్కా, పదకొండింటికి లాప్‌టాప్‌లో ఇంటర్వ్యూ. పాత ఉద్యోగం ఊడి నెలలు గడుస్తున్నాయి. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు తయారుచేసే కంపెనీ ఒకటి తన ఫిర్యాదుల విభాగానికి మనిషి కావాలంది. అల్లుడు తన ఫ్లాట్‌కి రంగులు వేయిస్తున్నందువల్ల భార్యతో సహా అత్తవారింటికి వచ్చి, ముందుగదిలో బల్ల ముందు కూర్చున్నాడు. ఈ ఉద్యోగమూ రాకపోతే మామగారికి ముఖం ఎలా చూపించాలా అన్నదే అతని దిగులు.

ఛార్జర్ పెట్టి లాప్‌టాప్ మీద చేయి వేశాడు. మణికట్టు దగ్గర జివ్వుమంది. చేయి తీసి మళ్లీ వేశాడు. మళ్లీ జివ్వుమంది.

"ఇలా రా ఒకసారి. ఇది షాకు కొడుతోంది" అని భార్యను పిలిచాడు.

ఆమె వచ్చి ముట్టుకుంది. "నాకేం కొట్టలేదే! మీరు ఊరికే టెన్షన్ పడుతున్నారు."

షాకు అన్న మాట వరండా దాకా వెళ్లింది. పేపరు చదువుతున్న మామగారు లేచి వచ్చారు. ఆయన కరెంటాఫీసులో బిల్లుల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో వైరు ముట్టుకున్న పాపాన పోలేదు కానీ, ఈ ఇంటి వైరింగు మాత్రం దగ్గరుండి చేయించారు. వచ్చినవాళ్లకి ముందు స్విచ్‌బోర్డులు చూపించి, ఆ తర్వాతే కూర్చోమంటారు.

"షాకా? మా ఇంట్లోనా?"

"అబ్బే, షాకంటే మరీ షాకని కాదు మామయ్యగారూ. ఏదో కాస్త చక్కిలిగింతలాగా..."

మామగారు లాప్‌టాప్ మీద అరచేయి మొత్తం ఆనించి, కళ్లు మూసుకుని, కాసేపు ఆగి, తెరిచారు. "నిక్షేపంలా ఉంది. మీ చొక్కా నైలానుదా?"

కాదని చెప్పడానికి మర్యాద అడ్డొచ్చింది. ఇస్త్రీ చొక్కా విప్పి మామగారి నూలు చొక్కా తొడుక్కున్నాడు. అందులో ఇంకో అల్లుడికి కూడా చోటుంది. అయినా జివ్వుమంది.

"అయితే ఉంగరం! లోహం కదా, కరెంటుని పిలుస్తుంది. తీసేయండి" అన్నారు మామగారు.

పెళ్లినాటి ఉంగరం ఓ పట్టాన ఊడలేదు. అల్లుడు బాత్‌రూమ్‌లోకి వెళ్లి సబ్బు రుద్ది లాగుతుంటే భార్య చూసింది.

"మా నాన్న ఏదో చొక్కా మార్చుకోమన్నారని అలిగి పెళ్లి ఉంగరం తీసేస్తారా?"

"అయ్యో, అందుకు కాదు. మీ నాన్నగారే తీయమన్నారు!"

"మా నాన్నే తీయమన్నారా?" ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని తండ్రిని నిలదీయడానికి వెళ్లింది. అల్లుడు వెంటపడ్డాడు. దారిలో లాప్‌టాప్ టింగుమంటే ఇంటర్వ్యూవాళ్లేమోనని తడిచేత్తోనే తాకాడు. ఈసారి చక్కిలిగింత కాదు. ఎగిరి కింద పడ్డాడు, కుర్చీ బోర్లా పడింది, పూలకుండీ పగిలింది.

"ఒంట్లో బాగాలేనట్టుంది పాపం" అంటూ అత్తగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు.

మామగారు నాడి చూడడానికి సిద్ధమయ్యారు. ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, రెండో చేత్తో అల్లుడి మణికట్టు పట్టుకున్నారు. లేవబోతూ అల్లుడు ఖాళీగా ఉన్న చేయి లాప్‌టాప్ మీద ఆనించాడు. మామగారు చటుక్కున చేయి వెనక్కి లాక్కున్నారు.

"చూశారా! లాప్‌టాప్‌లో లేదు, వైరింగులో లేదు. కరెంటు అల్లుడుగారి ఒంట్లోంచే వస్తోంది!"

అల్లుడు తన చేతుల్ని తనే అనుమానంగా చూసుకున్నాడు. చిన్నప్పుడు ఎవరైనా ఈ సంగతి గమనించారేమోనని అమ్మకి ఫోన్ చేద్దామనుకున్నాడు కూడా. ఛార్జర్ పీకేద్దామంటే బ్యాటరీ పట్టుమని పది నిమిషాలు నిలవదు.

పదకొండు కావస్తుండగా అత్తగారు వంటింటి గుమ్మంలోంచి సైగ చేశారు. వెళితే చేతిలో ఒక జత రబ్బరు చెప్పులు పెట్టారు.

"ఇవి వేసుకుని కూర్చోండి బాబూ. వాషింగ్ మెషీన్ ఎన్నాళ్లనుంచో కొడుతోంది, ఫ్రిజ్ కూడా అంతే. ఈ ఇంట్లో మేమంతా చెప్పులతో తిరిగేది అందుకే, మీ మామయ్యగారికి మాత్రం మోకాళ్లకి మంచిదని చెప్పాను. మీరేమో మర్యాదగా బయట విప్పేశారు. వైరింగుకి ఎర్తే లేదని మా తమ్ముడు గృహప్రవేశం రోజే చెప్పాడు. ఆయనతో మాత్రం అనకండి, తట్టుకోలేరు."

చెప్పులు వేసుకున్నాక లాప్‌టాప్ బుద్ధిగా ఉంది. ఇంటర్వ్యూ కూడా సాఫీగా సాగింది. చివర్లో తెరమీది మేనేజరమ్మ అడిగింది: "మా వాషింగ్ మెషీన్ షాకు కొడుతోందని ఎవరైనా ఫోన్ చేస్తే ఏం చెబుతారు?"

జవాబు నాలుక చివరే ఉంది. తలుపు పక్కన మామగారూ ఉన్నారు. ఉద్యోగమా, మామగారా అని అల్లుడు క్షణం నలిగిపోయాడు. చివరికి గొంతు బాగా తగ్గించి, "ఇంటికి ఎర్తు ఉందో లేదో..." అన్నాడు.

"ఎర్తు లేదా? నా ఇంటికా?" మామగారు తెరముందుకి వచ్చేశారు. "అమ్మా, మీ మెషీనూ మంచిదే, మా వైరింగూ మంచిదే. తేడా మనిషిలో ఉంది. ఇప్పుడే నాడి పట్టుకుని చూశాను!" ఆపైన ఆమెకి మాట్లాడే సందు ఇవ్వకుండా ఉంగరం, చొక్కా, నాడి అన్నీ విడమరిచి చెప్పారు. అల్లుడికి అక్కడే ఏడుపొచ్చింది.

మర్నాడు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. భార్య తీసింది, విన్నది, మొగుడి వైపు జాలిగా చూసింది.

"మీకు కాదండీ, నాన్నకట. షాకు తిన్న మనిషినే తప్పు నీదని ఒప్పించగలిగినవాళ్లు దొరకడం కష్టమట. ఇంటినుంచే పని, వయసుతో పట్టింపు లేదన్నారు."

సోమవారం మామగారు ముందుగదిలో, అదే బల్ల ముందు కొలువుతీరారు. వంటింట్లో అల్లుడు కంపెనీ ఫిర్యాదుల నంబరు కలిపి, ఫోను అత్తగారికి అందించాడు. ఇన్నేళ్లుగా చెప్పలేనిదంతా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని, గొంతు మార్చి, ఒక్క గుక్కలో చెప్పేశారు.

మామగారు ఓపిగ్గా అంతా విని, ఒకసారి మంచి డాక్టరుకి చూపించుకోమన్నారు.