కట్టయ్య రేడియోలో తుఫాను

కట్టయ్యకు పదకొండేళ్లుగా ఒక సందేహం ఉంది. పొద్దున ఆరింటికి షార్ట్‌వేవ్‌లో వార్తలు పెట్టగానే, లోపల ఎవరో జొన్నలు వేయిస్తున్నట్టు చిటపట మొదలవుతుంది. పావుగంట ఉండి పోతుంది. దేవుడే ఏమైనా చెబుతున్నాడా? అలాగైతే తెలుగులో చెప్పవచ్చు కదా? అదేమిటో తేలితే కొబ్బరికాయ కొడతానని కురవి వీరభద్రస్వామికి మొక్కుకున్నాడు. తేలలేదు. కాయ కొట్టలేదు.

ఆ పొద్దున కూతురు తేజస్విని, రేడియో చప్పుళ్లను విని అవేమిటో చెప్పే యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకుని సిద్ధంగా కూర్చుంది. భార్య ఓదెమ్మ రోజూ పూజకు వేసినట్టే దేవుని పటానికి రంగుల లైట్లు వేస్తూ గడువు పెట్టింది.

"ఇయ్యాల తేలకుంటె, మాన్‌సింగ్ పాతసామాన్ల బండి రాంగనె గా డబ్బ ఇచ్చి ప్లాస్టిక్ టబ్బు తీసుకుంట."

"నా రేడియోకు టబ్బా?"

"టబ్బుల బట్టలన్న నానుతయి."

చిటపట మొదలైంది. తేజస్విని ఫోన్ దగ్గర పెట్టింది.

"బాపూ, సముద్రంల ఓడలకు తుఫాను కబురు పంపే సిగ్నల్ అంటుంది..."

పాలగిన్నెతో వాకిట్లోకి వచ్చిన పక్కింటి ఎల్లేశ్ అక్కడి నుంచే వెనక్కి పరుగెత్తాడు. అతని వడ్లు నాలుగు రోజులుగా రోడ్డు మీద ఆరుతున్నాయి.

"...నూటికి నలభై పాళ్లే," అని తేజస్విని ముగించింది. వినడానికి ఎల్లేశ్ లేడు.

గంటలో కొడకండ్ల ఊరంతా తుఫానే. కబురు రోడ్డు చివరికి చేరేసరికి రెండు ఓడలు మునిగిపోయాయి కూడా. పరదాలు చాలక దుప్పట్లు వచ్చాయి. గణపతి ఇంట్లో మర్నాటి పుట్టువెంట్రుకల కోసం వేసిన షామియానా వడ్ల మీదికి పోయింది. ఓదెమ్మ కూడా కొత్త బొంత ఇచ్చింది.

పదింటికి ఎండ నిప్పులు చెరిగింది. పరదాల కింద వడ్లకు ఉక్కపోసింది. జనం కట్టయ్య వాకిట్లో నిలబడ్డారు.

"తుఫానేదన్నా?" అన్నాడు ఎల్లేశ్.

"నేను చెప్పలే. ఫోన్ చెప్పింది. అదీ ఓడలకు."

"మా వడ్లేమన్న ఓడల పోసినమా?"

కట్టయ్య రేడియో పెట్టాడు. చిటపట లేదు. లోపల ఓదెమ్మ భయపడి, లైట్లు వేసి స్వామికి దండం పెట్టింది. వెంటనే చిటపట.

తేజస్విని రేడియో పట్టుకుని చప్పుడు పెరిగే వైపు నడిచింది. దేవుని పటం దగ్గర చెవులు పగిలాయి. లైట్ల ప్లగ్గు తీసింది. నిశ్శబ్దం. పెట్టింది. చిటపట.

"బాపూ, గిదే నీ తుఫాను."

అవి పదకొండేళ్ల కింద కురవి జాతరలో కట్టయ్యే కొన్న లైట్లు.

"దేవుని లైట్లకు వంక పెడుతున్నరా?" అంది ఓదెమ్మ.

"వంక గాదు. స్వామి ఇన్నేండ్ల సంది ఇంట్లనుంచే జవాబు చెప్తుండు. నేనే బయట దేవులాడిన. జర వార్తలయ్యేదాక దీపం సాలు."

అప్పుడే వచ్చిన మాన్‌సింగ్‌ను, టబ్బు వద్దని ఓదెమ్మే పంపేసింది.

కట్టయ్య సాయంత్రం దాకా ఊరందరి వడ్ల మీది పరదాలు తీశాడు. మర్నాడు కురవికి పోయి బాకీ ఉన్న కొబ్బరికాయ కొట్టాడు. అతను తెచ్చిన ప్రసాదం ముక్క నములుతూ ఎల్లేశ్ అడిగాడు, "రేపు ఎండేనా అన్నా?"

ఆ తర్వాత తన నెత్తి మీద వాన పడుతున్నా, పడుతోందని కట్టయ్య ఎవరికీ చెప్పలేదు.