బూజుకు ఇంజన్ ఆయిల్ విందు

ఇంజన్ ఆయిల్‌ను నేల మీద పారబోస్తే కాలుష్యమని ఎవరన్నారు? అది అన్నదానం!

నవ్వకండి. ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డు మీద మా నారయ్యకు లారీల షెడ్డుంది. వాడేసిన ఆయిల్‌నంతా ఏళ్ల తరబడి షెడ్డు వెనకాల మట్టిలోనే పోస్తున్నాడు. ఆ పక్కనే యాదమ్మ తోటకూర మడి. ఆమె కట్టలను జనం వాసన చూసి తిరిగి ఇచ్చేస్తున్నారు. ఎంత తెలివితక్కువ జనం! పోపులోకి నూనె వేరే కొనక్కర్లేదు కదా?

ఈ మధ్య అరుణజ్యోతి అనే కాలేజీ లెక్చరర్ వచ్చింది. ఒక రకం ఫంగస్, అంటే మన బూజు లాంటిదే, డీజిల్‌నూ ఆయిల్‌నూ అరిగించుకుంటుందని చెప్పింది. అది వదిలే ఎంజైములు ఆయిల్‌ను విరగ్గొడతాయట. బూజు పట్టించిన వరిగడ్డిని ఆ మట్టిలో కలిపి, తడిపి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి వెళ్లింది. నెలలు గడిచేసరికి నేల మీద తెల్లటి నూగు పరుచుకుంది. వాసన తగ్గింది. యాదమ్మ మళ్లీ విత్తనాలు చల్లింది.

చూశారా సైన్సు మహిమ! ఇక మనం మారాల్సిన పనేముంది? తుక్కుగూడ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా బూజు పరిచేసి, హాయిగా డబ్బాలు వంచుకోవచ్చు!

ఇంతటి విజయాన్ని చూడటానికి ఒక పెద్దసారు వస్తున్నారని కబురొచ్చింది. పెద్దసారు వస్తే మనం ఏం చేస్తాం? దారంతా ఊడ్చి, రెండు పక్కలా సున్నం గీసి, బ్లీచింగ్ పౌడర్ చల్లుతాం. ఊడ్చే మనుషులు అదే ఊపులో షెడ్డు వెనక్కీ వెళ్లారు. నేలంతా బూజు! సారు చూస్తే ఊరి పరువేం కావాలి? గడ్డినంతా ఎత్తిపోసి, బ్లీచింగ్ దట్టంగా కొట్టారు.

సారు వచ్చి రిబ్బన్ కత్తిరించారు. ఆ బూజు ఎక్కడని అడిగితే, మొత్తం క్లీన్ చేయించామని మావాళ్లు గర్వంగా చెప్పారు. సారు మెచ్చుకున్నారు. ఫొటోలు బాగా వచ్చాయి. అరుణజ్యోతి మాత్రం ఎందుకో మొహం గంటు పెట్టుకుంది.

కార్లు కదలగానే నారయ్య ఆయిల్ డబ్బాతో వెనక్కి నడిచాడు. యాదమ్మ అడ్డం నిలబడింది.

"అన్నా, గా బూజు సచ్చిపోయింది. జర గిప్పుడన్న పోసుడు ఆపు. నా మడిల మొలకలొచ్చినయ్."

"ఫికర్ చెయ్యకు చెల్లె. మేడం మళ్ల కొత్త బూజు తెస్తది" అని నారయ్య డబ్బా వంచాడు.

నిజమే కదా! ఆయిల్‌ను తినే ఎంజైము దొరికింది. డబ్బాను వంచకుండా పట్టుకునే ఎంజైము కూడా ఏదో ఒక ల్యాబులో తయారవుతూనే ఉంటుంది. అంతవరకు యాదమ్మ మొలకలే కాస్త ఓపిక పట్టాలి.