వెనక చక్రాన్ని అరగదీసిందెవరు?

“లింబాద్రీ! ఈ ఎడారిలో ఇసుక రేణువు కదిలినా నాకు తెలిసిపోతుంది. నేరం ఎక్కడుంటే నా ముక్కు అక్కడుంటుంది. ఇక నువ్వు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపో!” అని ప్రకటించాడు రామ్మోహనరావు.

ఆ క్షణంలో ఆయన ముక్కు కారు టైరుకి బెత్తెడు దూరంలో ఉంది. ఐకాడ్ అనే పారిశ్రామికవాడలో ఇనుప తలుపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీకి ఆయన ఫైళ్ల ఆఫీసరు. ఊరు కాకినాడ. ఉద్యోగం పొట్టకోసం, అపరాధ పరిశోధన లోకకల్యాణం కోసం అని తన గురించి తనే చెప్పుకుంటాడు. చేతిలో భూతద్దం బర్ దుబాయ్ బట్టల కొట్లో నూలు పోగులు లెక్కపెట్టేది, బతిమాలి తెచ్చుకున్నాడు. కళ్లకి నల్లద్దాలు. రెండూ కలిపి వాడితే ఏమీ కనబడదని ఆయనకి చెప్పినవాడు ఇంతవరకూ లేడు.

లింబాద్రి అసలే చెప్పలేడు. జగిత్యాల దగ్గరి పల్లెటూరి నుంచి వచ్చి అదే ఫ్యాక్టరీలో స్టోరు చూసుకుంటున్నాడు. అతని సెలవు కాగితం ముదీర్, అంటే మేనేజరు దాకా పోవాలంటే సారు బల్ల దాటే పోవాలి. అలాంటి మనిషికి ‘వద్దు సార్’ అనే విద్య పదకొండేళ్లయినా అతనికి పట్టుబడలేదు.

అతని గోడు చిన్నదే. గురువారం పొద్దున భార్య సమ్మవ్వ మొట్టమొదటిసారి విమానమెక్కి వస్తోంది. ఇన్నేళ్లూ రెండేళ్లకోసారి తనే ఊరెళ్లి వచ్చాడు. ఈసారి ఆమెని ఎయిర్‌పోర్టు నుంచి తన సొంత కార్లో తీసుకొస్తానని వీడియో కాల్లో వాడకట్టంతా వినేలా చెప్పాడు. ఆ సొంత కారు పదహారేళ్లనాటి తెల్లటి ముసలిది. ముల్కియా అనే రిజిస్ట్రేషన్ కార్డు రెన్యువల్‌కి పాసింగ్ తనిఖీకి తీసుకెళ్తే, కుడి వెనక టైరు లోపలి అంచు నున్నగా అరిగిందని వెనక్కి పంపేశారు. చలికాలంలో వేసిన కొత్త టైరది. రెండు నెలలకే ఆ గతి పట్టింది. పైగా బండి ఎడమకి లాగుతోంది. సూటిగా పోవాలంటే స్టీరింగ్‌ని కాస్త కుడికి తిప్పి పట్టుకోవాలి. దగ్గర్లోని దుకాణంలో మూడుసార్లు అలైన్‌మెంట్ చేయించాడు. మూడుసార్లూ ముందు చక్రాలే చూసి ‘ఖలాస్ భాయ్, బరాబర్’ అని పంపించారు. మళ్లీ పాసింగ్ మంగళవారం. అప్పుడూ తప్పితే సమ్మవ్వ టాక్సీలో రావలసిందే.

“ఇది అరిగింది కాదు లింబాద్రీ. అరగదీశారు!” అన్నాడు రామ్మోహనరావు లేచి నిలబడి.

“టైరును ఎవలు అరగదీస్తరు సార్?”

“లోపలి అంచు నున్నగా ఉంది, బయటి అంచు కొత్తగా ఉంది. రోడ్డుకి లోపలా బయటా అనే పక్షపాతం ఉంటుందా? ఉండదు. మనిషికి ఉంటుంది. కాబట్టి ఇది మనిషి పని. ఆయుధం, గరుకు కాగితం!”

లింబాద్రి ఉండే లేబర్ క్యాంపులో గరుకు కాగితంతో పని ఉన్న మనిషి ఒక్కడే, భోజన్న. లింబాద్రి రూమ్మేటు. రంగుల సెక్షన్‌లో పొద్దస్తమానం తలుపులు రుద్దుతాడు. అప్పటికి ఆ శనివారం డ్యూటీ దిగి, వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. రామ్మోహనరావు నేరుగా అక్కడికే దండెత్తాడు.

“మొన్న పాసింగ్‌కి ముందు, గురువారం సాయంత్రం ఎక్కడున్నావు?”

“ఈడ్నే ఉన్న సార్. వంట నా వంతుండె.”

“సాక్షులు?”

“తిన్నోళ్లంత సాక్షులే సార్. పప్పుల ఉప్పెక్కువైందని తిట్టిండ్రు గూడ.”

“చేతులు చూపించు!”

భోజన్న ఉల్లిగడ్డ పక్కన పెట్టి రెండు చేతులూ చాపాడు. రామ్మోహనరావు భూతద్దంతో ఒక్కొక్క వేలూ చూశాడు.

“చర్మమంతా గీసుకుపోయింది. గరుకు కాగితం గుర్తులు!”

“నా పనే అది గద సార్. తలుపులు రుద్దుడే.”

“తలుపులు రుద్దినవాడు టైర్లు రుద్దలేడా? ఈ కారు నీకు అమ్మమని నిరుడు నువ్వు అడగలేదా? ధర దించడానికి ఇదో ఎత్తు!”

భోజన్న లింబాద్రి వైపు తిరిగాడు.

“లింబన్నా, నువ్వు గూడ గట్లనే అనుకుంటున్నవా?”

‘ఛ, లేదు తమ్మీ’ అంటే సరిపోయేది. కానీ పక్కన సారున్నాడు. లింబాద్రి నేల చూపులు చూశాడు. ఆ పూట భోజన్న అన్నం వడ్డించాడు గానీ అతనితో ఒక్క మాటా మాట్లాడలేదు. లింబాద్రికి తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు ఆదివారం. సాక్ష్యాధారాల రక్షణ కోసం కారుని తన విల్లా వాకిట్లో పెట్టమని రామ్మోహనరావు ఆజ్ఞ. లింబాద్రి తెచ్చి పెట్టాడు.

“నేరస్తుడు నేరస్థలానికి మళ్లీ వస్తాడు,” అని సారు గంభీరంగా అన్నాడు.

“నేరస్థలం క్యాంపు కదండీ. కారేమో ఇక్కడుంది. పాపం వాడికి దారి తెలియాలిగా?” అంది ఆయన భార్య ఉమాదేవి గుమ్మంలోంచి.

ఆ ప్రశ్నకి జవాబుగా రామ్మోహనరావు వంటింట్లోకి వెళ్లి, ఆవిడ ముగ్గులకీ అట్లకీ పట్టించుకున్న బియ్యప్పిండి డబ్బా ఎత్తుకొచ్చాడు. కారు చుట్టూ, కింద, ముందు మొత్తం చల్లేశాడు. ఇక దొంగ అడుగు పెడితే అచ్చు పడాల్సిందే. ఉమాదేవి ఖాళీ డబ్బా వంక చూసి, మొగుడి వంక చూసి, లింబాద్రి ఉన్నాడని ఊరుకుంది. ముగ్గురూ కిటికీ తెర వెనక కాపలా కూర్చున్నారు. సారు మధ్యమధ్యలో వెళ్లి పిండి సరిగా ఉందో లేదో చూసొచ్చాడు. గోంగూర పచ్చడితో భోజనం చేశాక గురక పెట్టాడు.

నాలుగింటికి లేచి బయటికి పరిగెత్తాడు. అడుగులే అడుగులు!

“రండి, చూడండి! సైజు తొమ్మిది. కుడికాలు ఈడుస్తాడు. నాలుగైదుసార్లు వచ్చాడు. దేనికి వచ్చాడో గుర్తులేక తిరిగినచోటే తిరిగాడు. మనిషి మహా మందబుద్ధి!”

“ఆ మందబుద్ధి చెప్పులు మీ కాళ్లకే ఉన్నాయండీ. పిండి కూడా అలాగే ఉంది,” అంది ఉమాదేవి.

రామ్మోహనరావు కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. ఉమాదేవి చీపురు అందుకుంది. “లింబాద్రీ, నీకు పుణ్యముంటుంది, ఆ కారు బయటికి తియ్యి నాయనా. ఊడ్చుకుంటాను.”

లింబాద్రి బండి స్టార్ట్ చేసి, సూటిగా గేటు దాటించి ఆపాడు. పిండి అంటిన చక్రాలు నేల మీద తెల్లటి గీతలు గీశాయి. ఉమాదేవి చీపురు ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. పొద్దున్నే లేచి, పరాయి దేశమైనా సరే, గుమ్మం ముందు చారెడు ముగ్గు పెట్టనిదే కాఫీ తాగని మనిషి ఆవిడ. గీత మీద గీత పడకపోతే ఆ కళ్లు ఊరుకోవు.

“ఇదేంటి? నాలుగు గీతలున్నాయి.”

“నాలుగు చక్రాలకి నాలుగు గీతలే ఉంటాయి. ఇందులో వింతేముంది?” అన్నాడు రామ్మోహనరావు.

“సూటిగా నడిచిన బండికి ముందు చక్రం గీత మీదే వెనక చక్రం గీత పడాలి కదండీ. రెండే కనబడాలి. ఇక్కడ వెనకవి రెండూ కుడిపక్కకి జరిగి పడ్డాయి, చూడండి.”

లింబాద్రి దిగొచ్చి చూశాడు. నిజమే. బండి ముక్కు ఒకవైపు, వెనక భాగం ఇంకోవైపు పెట్టుకుని ఎండ్రకాయలా నడుస్తోంది. తను ఇన్నాళ్లూ స్టీరింగ్ తిప్పి పట్టుకున్నది అందుకే. ముందు చక్రాలని ఎన్నిసార్లు సరిచేస్తే మాత్రం ఏం లాభం! వెంటనే ముసఫ్ఫాలో తనకి తెలిసిన గుల్‌జమాన్ గ్యారేజీకి బయల్దేరాడు. తీర్పు చెప్పడానికి సారు, సారు మీద నమ్మకం లేక ఉమాదేవి, ఇద్దరూ కారెక్కారు.

గుల్‌జమాన్ పఠాన్ మెకానిక్. గీతల సంగతి విని, ముందు చక్రాల జోలికే పోకుండా బండి పైకెత్తి కుడి వెనక చక్రం కింద దూరాడు.

“యే దేఖో భాయ్, ఆర్మ్ టేఢా హై!”

చక్రాన్ని కింద నుంచి పట్టుకునే ఇనుప ఆర్మ్ వంగిపోయింది. దాంతో చక్రం బయటికి తిరిగి, లోపలి అంచు రోడ్డు మీద ఈడ్చుకుంటూ అరుగుతోంది. రిమ్ము మీద సిమెంటు గీసుకున్న మచ్చ కూడా ఉంది. ఎవరో ఫుట్‌పాత్‌కి గట్టిగా కొట్టారని గుల్‌జమాన్ తేల్చేశాడు.

రామ్మోహనరావు భూతద్దం తీశాడు. కేసు తన చెయ్యి జారిపోతోందన్న కంగారు ఆయనది.

“నేను చెబుతాను వినండి! ఇది రౌండబౌట్ దగ్గర జరిగింది. డ్రైవరు మలుపులో వేగం తగ్గించలేదు. కళ్లు ముందున్న తెల్లకారు మీదే ఉన్నాయి. బండి పక్కకి జారి ఫుట్‌పాత్‌కి తగిలింది. అప్పుడు సరిగ్గా సాయంత్రం అయిదు!”

“వాహ్ సాబ్!” అన్నాడు గుల్‌జమాన్ నోరు తెరిచి.

లింబాద్రి మాత్రం మెల్లగా అడిగాడు.

“రౌండబౌట్ అని మీకెట్ల ఎర్కైంది సార్?”

రామ్మోహనరావు భూతద్దం జేబులో పెట్టేసుకున్నాడు.

“ఎందుకు తెలియదు? నేనూ పక్క సీట్లోనే ఉన్నాగా!” అంది ఉమాదేవి. “జనవరిలో ఈయన నీ కారు అడిగి తీసుకోలేదూ? ముదీర్ ఎక్కడో రహస్యంగా ఇంకో ఫ్యాక్టరీ పెడుతున్నాడని అల్ ఐన్ దాకా వెంటపడ్డారు. మా కొత్త కారైతే గుర్తుపడతారట. తీరా చూస్తే ఆ తెల్లకార్లో ఉన్నది ముదీరే కాదు, కోళ్లదాణా అమ్ముకునే పెద్దమనిషెవరో. ఫుట్‌పాత్‌కి కొట్టినప్పుడు ఖర్జూరాల పెట్టె నా నెత్తిన పడింది.” ఆవిడ మొగుడి వైపు తిరిగింది. “ఏవండీ, లింబాద్రికి చెప్పేశానన్నారు కదా?”

రామ్మోహనరావు నల్లద్దాలు తీసి తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

“దర్యాప్తులో కొన్ని విషయాలు గోప్యంగా...”

“సార్,” అన్నాడు లింబాద్రి. ఈసారి నేల వైపు కాక ఆయన వైపే చూశాడు. “నా కారు వంగితే వంగనీయుండ్రి, బాగ చేయించుకుంట. మీరు భోజన్నను చేతులు సాపమన్నరు. దొంగ లెక్క సాపిండు. నేను సూసుకుంట నిలవడ్డ. రేపు డ్యూటీ దిగినంక మీరొచ్చి ఆయినెకు చెప్పాలె.”

“వస్తారు. నేనే తీసుకొస్తాను,” అంది ఉమాదేవి.

అన్నట్టే మర్నాడు క్యాంపుకి తీసుకొచ్చింది. “భోజన్నా! సాక్ష్యాధారాలు లేనందున నిన్ను నిర్దోషిగా విడుదల చేస్తున్నాను,” అన్నాడు రామ్మోహనరావు. ఉమాదేవి దగ్గింది. “తప్పు నాదేనయ్యా,” అని మిగతాది గొణిగాడు. ఆయన వెళ్లాక లింబాద్రి భోజన్న పక్కన కూర్చుని, తన వంతు తప్పు తను ఒప్పుకున్నాడు. భోజన్న అంతా విని చాయ్ గ్లాసు అతని వైపు జరిపాడు.

అదే రోజు గుల్‌జమాన్ పాత సామాన్ల కొట్టు నుంచి వేరే ఆర్మ్ తెచ్చి బిగించాడు. అరిగిన టైరు తీసి మంచిది వేశాడు. ఈసారి నాలుగు చక్రాలకీ కలిపి అలైన్‌మెంట్ చేశాడు. మంగళవారం కారు పాసైంది.

గురువారం పొద్దున సమ్మవ్వ ఎయిర్‌పోర్టు బయట పచ్చళ్ల సీసాల సంచి గుండెకి హత్తుకుని నిలబడింది. లింబాద్రి సంచి అందుకుని, ముందు డోరు తీశాడు. వెనక సీట్లో భోజన్న. హైవే ఎక్కగానే బండి గీత గీసినట్టు పోతోంది. అంతలో ఫోను మోగింది. లింబాద్రి స్పీకర్ నొక్కాడు.

“లింబాద్రీ, కేసు ఫైలు మూసేశాను. నేరస్తుడు దొరికాడు. అయితే వాడి కుటుంబం పరువు దృష్ట్యా పేరు బయటపెట్టడం లేదు. నువ్వూ ఎక్కడా అనకు!” అని రామ్మోహనరావు పెట్టేశాడు.

“ఎవలయ్యా గాయినె?” అంది సమ్మవ్వ భయంగా.

“మా ఆఫీసు సారు.”

“ఏం పని జేస్తడు?”

లింబాద్రి ఏం చెప్పాలా అని ఆలోచిస్తుండగా వెనక నుంచి భోజన్న అందుకున్నాడు.

“నేరాలు జేస్తడు వదినె. మల్ల చేసినోన్ని పట్టుకుంటందుకు ఆయినెనే తిరుగుతడు.”

లింబాద్రికి నవ్వాగలేదు. సమ్మవ్వకి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, వాళ్లిద్దరూ పగలబడి నవ్వుతుంటే తనూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేసింది.