భారం గారి వెనక వరుస

ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసి జనం గొడుగులు వెతుక్కుంటున్న సమయంలో మా నాయకుడు మళ్ళీ మైకు అందుకుని ఒక చారిత్రక ప్రకటన చేశారు.

"ఈ రోజు నుంచి మన సంఘ సభ్యులు చేసిన, చేస్తున్న, చేయబోయే తప్పులన్నిటికీ పూర్తి బాధ్యత నాది. తీర్పు దినాన మీరెవరూ నోరు మెదపక్కర్లేదు. వరుసగా నా వెనక నిలబడండి చాలు. జవాబు నేను చెప్పుకుంటాను."

హాలు చప్పట్లతో మారుమోగింది. ఆయన మా సంఘానికి బోధకులు, వచ్చే ఎన్నికల్లో మా పట్టణానికి ఛైర్మన్ అభ్యర్థి. రెండు పనులూ ఒకే మైకులో చేయగల సమర్థులు. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా "ఆ భారం నాది" అంటారు కనుక ఊరంతా ఆయన్ని భారం గారనే పిలుస్తుంది.

నేను తొమ్మిదో తరగతితో బడి మానేసినదాన్ని. నాకు బాగా వచ్చిన విద్య భయపడటం ఒక్కటే. ఫోను మోగితే ఎవరికేమైందో అనుకుంటాను. మోగకపోతే, ఏమైందో చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదేమో అనుకుంటాను. అటువంటి నేను ఆ మధ్యాహ్నం భోంచేసి హాయిగా నిద్రపోయాను. లేచాక, ఇంత నిద్ర పట్టిందంటే ఒంట్లో ఏదో జబ్బు మొదలైందేమోనని దిగులుపడ్డాను. అది వేరే సంగతి.

పథకం మర్నాటి నుంచే అమల్లోకి వచ్చింది. అంతవరకు చాటుగా నీళ్ళు కలుపుకొచ్చే పాలావిడ ఆ రోజు మా గుమ్మం ముందే, మా కుళాయి నీళ్ళే, ధైర్యంగా కలిపింది. దర్జీ మా జాకెట్లలో మిగుల్చుకున్న ముక్కలన్నీ కలిపి కొట్టుకి తెర కుట్టుకున్నాడు. రంగులు కలిసి చాలా అందంగా ఉంది. పక్కింటి పిన్ని తోడికోడలితో మాట్లాడి ఏళ్ళయింది. ఆమెను క్షమించే పని భారం గారి ఆఫీసులో అప్పగించి వచ్చింది.

"నువ్వే వెళ్ళి పలకరించవచ్చుగా పిన్నీ" అన్నాను.

"నేనెందుకే? బుధవారం నా తరఫున ఆయన క్షమించేస్తారు. ఆ తరవాత కూడా నేను మాట్లాడక్కర్లేదట."

పేపర్లో ఫొటో పడింది. భారం గారు రెండు చేతులూ చాచి, కనిపించని మూట ఏదో ఎత్తుకుని, చిరునవ్వు నవ్వుతున్నారు. నేను దాన్ని కత్తిరించి గోడకు అంటించాను. మా అమ్మాయి మాత్రం మొహం చిట్లించింది. భారం గారి స్కూల్లోనే చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది తను.

"మన భారం మోసినవాడు ఒకాయన ముందే ఉన్నాడు కదమ్మా" అంది. "ఆయన ఓట్లు అడగలేదు."

"మెల్లగా అనవే. కిటికీ తీసి ఉంది."

ఆ వారంలోనే ఒక చిన్న సంఘటన జరిగింది. తన బండి తానే నడుపుకునే నిరాడంబర నాయకుడిగా ఫొటో దిగాలని భారం గారు డ్రైవర్ని దించేసి ప్రచార వ్యాను ఎక్కారు. ఫొటోగ్రాఫరు ముందున్నాడు కాబట్టి ఆయన ముందుకే చూస్తూ, చేయి ఊపుతూ, బండిని వెనక్కి పోనిచ్చారు. వెనక రోడ్డు వారగా సైకిలు ఆపుకుని రొట్టెలాయన ఉన్నాడు. సైకిలు వంగింది, రొట్టెలు రోడ్డున పడ్డాయి, కాలు విరిగింది. ఫొటో మాత్రం చాలా బాగా వచ్చింది.

సాయంత్రానికల్లా కేసు రొట్టెలాయన మీదే పెట్టారు. ఆగి ఉన్న వ్యాన్ని వచ్చి గుద్దాడట. ఆసుపత్రిలో కట్టు ఆరకముందే ముద్దాయి అయిపోయాడు. భారం గారి మనుషులు కాక అంతా చూసింది మా అమ్మాయి ఒక్కతే, స్కూలు గేటు దగ్గర పిల్లల్ని పంపిస్తూ. ఇన్‌స్పెక్టరు తన సాక్ష్యం తీసుకోవాల్సి ఉంది. ఆయన రాకముందే భారం గారు సెక్రటరీతో మా ఇంటికి దయచేశారు. అంత పెద్దాయన మా కుర్చీలో కూర్చున్నందుకు పొంగిపోయాను. అది విరిగితే మాత్రం ఏం చేయాలా అని భయపడుతూనే టీ ఇచ్చాను.

"చెల్లెమ్మా, అమ్మాయి చిన్న మాట చెబితే చాలు" అన్నారు. "బండి ఆగి ఉంది. సైకిలు వచ్చి గుద్దింది."

"బండి వెనక్కి వచ్చిందండి. నడిపింది మీరు" అంది మా అమ్మాయి.

"నువ్వు సైకిలు మీద కూర్చుని ఆలోచించమ్మా. అక్కణ్ణుంచి చూస్తే ఎవరు ఎవరి దగ్గరకి వచ్చారో చెప్పడం కష్టం."

"సైకిలు మీద ఇప్పుడెవరూ కూర్చోలేరండి. చక్రం లేదు."

సెక్రటరీ సన్నగా దగ్గాడు. "స్కూల్లో నీ ఉద్యోగం పర్మినెంటు చేసే విషయం అయ్యగారి పరిశీలనలో ఉందమ్మా. ఉంచాలా వద్దా అనే విషయం కూడా ఉంది."

"అవన్నీ ఎందుకయ్యా" అని భారం గారు ఆయన్ని మందలించారు. "అమ్మాయికి పాపభీతి ఉంది. మంచిదే. ఆ అబద్ధం తాలూకు పాపం నాది. ఇదిగో, తీసేసుకున్నాను." గాల్లోంచి ఏదో అందుకుని జేబులో వేసుకుని, పైనుంచి తట్టుకున్నారు.

నాకు కళ్ళు చెమర్చాయి. ఉద్యోగం పోతే ఎలాగని ఒక భయం, అబద్ధమాడితే దేవుడేమంటాడోనని ఇంకో భయం. రెండింటినీ ఒక్క జేబులో సర్దేశారు మహానుభావుడు.

"అనేయవే తల్లీ" అన్నాను. "ఒక్క మాటే కదా. అయ్యగారు చూసుకుంటారు."

మా అమ్మాయి ఆయన్ని చూడలేదు, నన్ను చూసింది. "నువ్వు కూడానా అమ్మా" అంది, అంతే.

నేను కొంగుతో బల్ల తుడుస్తూ తల దించుకున్నాను. కానీ నా బుర్ర ఊరుకునే రకం కాదు.

"అయ్యగారూ, చిన్న అనుమానం. తీర్పు రోజున వరుస మరీ పొడుగైపోయి మేం వెనకబడితే?"

"వలంటీర్లుంటారు."

"మీకు దాహం వేసి అలా పక్కకి వెళ్తే?"

"వెళ్ళను."

"ఒక్కొక్కరినే పిలిస్తే?"

భారం గారు ఖాళీ కప్పులోంచి ఇంకో గుక్క తాగారు. సెక్రటరీయే తేరుకున్నాడు. "సార్, ఓటర్లందరికీ ఇదే అనుమానం ఉంటుంది. ఒక రిహార్సల్ పెట్టేద్దాం. ఫొటోలూ వస్తాయి."

రాత్రికి పోస్టర్లు వెలిశాయి. 'చివరి రోజు: రిహార్సల్. శనివారం ఉదయం. అందరూ ఆహ్వానితులే.'

హాల్లో ఒక బల్ల, దాని వెనక తీర్పరికని ఎత్తైన కుర్చీ వేశారు. ఆ కుర్చీలో కూర్చోమంటే ఎవరూ ఒప్పుకోలేదు. భారం గారు కూడా కాసేపు ఆలోచించి వద్దన్నారు. అందుకని ఖాళీగా ఉంచారు. పేర్లు కేకేసి పిలవడానికి రిటైరైన కోర్టు బంట్రోతును పిలిపించారు. పొరపాటు అక్కడే జరిగింది. ఆయన సర్వీసంతా మనుషుల్ని ఒక్కొక్కరిగానే పిలిచినవాడు. గుంపును పిలవడం ఆయనకు రాదు. బందోబస్తుకు వచ్చిన ఇన్‌స్పెక్టరు బల్ల పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు.

ముందు భారం గారు, ఆయన వెనక నేనూ మా అమ్మాయీ, మా వెనక సంఘమంతా నిలబడ్డాం. ఎవరి పేరు పిలవాలో ఎవరూ చెప్పలేదు కనుక బంట్రోతు ఊళ్ళో తనకు తెలిసిన తాజా కేసునే అందుకున్నాడు.

"రొట్టెలాయన కాలు విరిగిన కేసు. బండి నడిపినవారు హాజరు కావాలి."

భారం గారు కోర్టులు చూసిన మనిషి. మాట అలవాటుగా వచ్చేసింది. "మా ప్లీడరు రాలేదు. వాయిదా కావాలి."

"చివరి రోజని మీరే పోస్టరు వేశారు కదండీ. వాయిదా ఎక్కడిస్తాం?" అని బంట్రోతు మళ్ళీ పిలిచాడు.

భారం గారు గిరుక్కున తిరిగి వరుస చివరికి నడిచారు. "అయ్యగారి వెనకే, అయ్యగారి వెనకే" అని వలంటీర్లు తొందరపెట్టారు. క్రమశిక్షణ గల సంఘం మాది. అందరూ తిరిగి ఆయన వెనక నడిచారు. వరుస గోడ వెంబడి హాలంతా చుట్టింది. పక్కింటి పిన్ని నా పక్కనుంచి వెళ్తూ, "రావే, బాగుంది, కాళ్ళు సాగుతున్నాయి" అంది.

మా అమ్మాయి కదల్లేదు.

నా ఒక కాలు వరుసతో వెళ్ళిపోయింది. అటు జనం ఉన్నారు. ఇటు మా అమ్మాయి, ఖాళీ కుర్చీ. ఆ కుర్చీని చూస్తే నాకు నిజంగా భయమేసింది. ఇన్నాళ్ళూ నేను ఫోను చూసి పడ్డది భయమే కాదు. కాలు వెనక్కి తెచ్చుకున్నాను.

"బండి నడిపింది అయ్యగారు" అంది మా అమ్మాయి కుర్చీ వైపు చూసి. "వెనక్కి చూడకుండా పోనిచ్చారు. రొట్టెలాయన రోడ్డు వారగా నిలబడి ఉన్నాడు. నేను చూశాను."

ఇన్‌స్పెక్టరు గ్లాసు కింద పెట్టాడు. "ఇంకోసారి చెప్పమ్మా, నెమ్మదిగా."

ఇంకోసారి చెప్పింది. ఒక్క మాట తేడా లేదు.

"తరవాత" అన్నాడు బంట్రోతు. తరవాత ఉన్నది నేను. "మీరేం చూశారమ్మా?"

"నేనేమీ చూడలేదు నాయనా" అన్నాను. "కానీ అబద్ధం చెప్పమని దీనికి చెప్పింది నేనే. అది నా తప్పు. అయ్యగారి మీద వేయకండి. ఆయన జేబు ఇప్పటికే నిండి ఉంది."

కళ్ళు తిరిగి పడిపోతాననుకున్నాను. పడలేదు. మా అమ్మాయి నా మోచేయి పట్టుకుంది.

ఈలోగా వరుస హాలంతా చుట్టి మళ్ళీ బల్ల దగ్గరకే వచ్చింది. అందరికంటే ముందు భారం గారే ఉన్నారు. ఇన్‌స్పెక్టరు లేచి నిలబడటం చూసి ఆయన చటుక్కున ఆగి, కొంచెం వంగి, నా భుజం వెనక సర్దుకున్నారు. ఆయన వెనక సంఘమంతా ఆగింది.

బంట్రోతు కళ్ళద్దాలు సరిచేసుకుని తొంగిచూశాడు.

"అమ్మా, మీ వెనక ఉన్నది ఎవరు?"

నేను వెనక్కి తిరిగాను. భారం గారు కూడా వెనక్కి తిరిగి చూశారు. ఆయన చూశారు కదా అని ఆయన వెనకవాళ్ళు, వాళ్ళ వెనకవాళ్ళు, అలా తలుపు దాకా అందరూ ఎంతో వినయంగా వెనక్కి తిరిగి చూశారు. అందరికన్నా చివర నిలబడ్డాయన వెనక గోడ తప్ప ఏమీ లేదు. ఆయన కాసేపు తటపటాయించి, గోడ వైపు వేలు చూపించాడు.