మూడు అనుకుందాంలు, ఒక జ్వరం

"ఇన్నాళ్లూ దగ్గుజ్వరం తన ఇష్టమొచ్చినట్టు తిరిగింది. ఈ రోజు నుంచి మన లెక్క ప్రకారం నడుచుకుంటుంది!" అని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. విలేకరులు కూడా కొట్టారు. టీ ఇంకా రాలేదు, చేతులకు వేరే పని లేదు.

వేదిక మీద చివరి కుర్చీలో కాలేజీ లెక్కల మాస్టారు ముడుచుకుని కూర్చున్నారు. జ్వరం ఎలా పాకుతుందో ముందే చెప్పే గణిత మోడల్ తయారుచేసింది ఆయనే. పేరు కోసం చేసింది కాదు. ఆయన కూతురు చిట్టికి పుట్టినప్పటి నుంచీ ఊపిరితిత్తులు బలహీనం. బడిలో సగం మంది దగ్గుతున్నారు. కొన్నాళ్లు బళ్లు మూసేసి, జనం గుమిగూడకుండా చూస్తే జ్వరం దానంతటదే చల్లబడుతుందని ఆయన లెక్క తేల్చింది. ఆ సంగతి చివరి పేజీలో రాశారు. చివరి పేజీలో రాయడమే ఆయన చేసిన పొరపాటు.

"మొదటి పేజీ చదివాను. అద్భుతం!" అన్నారు మంత్రిగారు, సభ అయ్యాక తన గదిలో.

"చివరి పేజీ కూడా ఒకసారి చూస్తే..."

"దానికి బడ్జెట్ కావాలి మాస్టారూ. ముందు మొదటి పేజీ కానిద్దాం. ఇక్కడ మూడు 'అనుకుందాం'లు ఉన్నాయి, ఏమిటివి?"

"లెక్క తేలిగ్గా తెమలడానికి పెట్టుకునేవండీ. ఒకటి, ఊళ్లో అందరూ అందరితోనూ సమానంగా కలుస్తారనుకుందాం. రెండు, జనాభా మారదనుకుందాం. అంటే పుట్టేవాళ్లూ పోయేవాళ్లూ ఉండరు. మూడు, ఒకసారి జ్వరం వచ్చి తగ్గితే మళ్లీ రాదనుకుందాం."

"నిజంగా అలాగే జరుగుతుందా?"

"జరగదండీ. ఊరికే అనుకుంటాం."

మంత్రిగారు ఆయన వంక జాలిగా చూశారు. "ఊరికే అనుకోవడానికి మనమేమన్నా ప్రతిపక్షమా? అధికారంలో ఉన్నాం. అమలు చేద్దాం."

పీఏ గొంతు సవరించుకున్నాడు. "సార్, అందరూ అందరితో కలవాలంటే తమరు కూడా..."

అప్పటికే ఒకసారి ఈ జ్వరంతో మంచం పట్టి లేచిన మంత్రిగారి మొహం వాడిపోయింది. ఆ పీఏ ఊరికే పీఏ కాలేదు. వెంటనే మాస్టారి ముందుకు కాగితం జరిపాడు. "మంత్రివర్గం జనాభాలో లేదనుకుందాం అని ఒక్క ముక్క చేర్చండి సార్. లెక్కకేం నష్టం?"

పెద్ద నష్టం లేదు. పైగా ఈ చిన్న పని చేసిపెడితే చివరి పేజీ చదువుతారేమోనని మాస్టారికి ఆశ. చేర్చారు.

మర్నాడే సమాన కలయిక ఉత్తర్వు వచ్చింది. ప్రతి మనిషీ రోజూ కొత్త మనుషులను కలవాలి. కలవకుండా ఇంట్లో కూర్చుంటే జరిమానా. పోలీసులు ఇంటింటికీ వెళ్లి మంచాల కింద దాక్కున్నవాళ్లను బయటికి లాగి, ముక్కూమొహం తెలియనివాళ్ల పక్కన కూర్చోబెట్టారు. ఏళ్ల తరబడి మాటల్లేని తోడికోడళ్లను ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి కబుర్లు చెప్పుకోమన్నారు. వాళ్లు చెప్పుకున్న కబుర్లకు కానిస్టేబులే చెవులు మూసుకున్నాడు. మంగలికి మాత్రం నోటీసు వచ్చింది, అవసరానికి మించి కలుస్తున్నాడని. మొగుడూ పెళ్లాం వాకిట్లో నిలబడి మాట్లాడుకుంటుంటే, "మీ ఇద్దరి కోటా అయిపోయింది, పక్క వీధికి పదండి," అని విడదీశారు.

"ఏమండీ, మీరు రాసింది బళ్లు మూసేయమని కదా?" అంది మాస్టారి భార్య.

"అవును. మంత్రిగారు ఇంకా అక్కడిదాకా రాలేదు."

"ఇవాళ చిట్టిని నాలుగు బళ్లు తిప్పారు. వచ్చినప్పటి నుంచీ దగ్గుతోంది."

మాస్టారు చెప్పుల్లో కాళ్లు పెట్టారు. పరుగున వెళ్లి మంత్రిగారికి చెబుదామంటే ఆయన జనాభాను కలవడం లేదట.

జనాభా మారకూడదన్న రెండో ఉత్తర్వుతో బస్టాండుకు తాళం పడింది. ప్రసూతి ఆసుపత్రి గేటుకు బోర్డు వేలాడింది: లెక్క పూర్తయ్యేదాకా ప్రసవాలు నిలిపివేయడమైనది.

"నొప్పులొస్తున్నాయయ్యా!" అని ఒకాయన మొత్తుకుంటే, "నొప్పులకు అభ్యంతరం లేదు సార్. ప్రసవానికే పర్మిషన్ లేదు," అన్నాడు వాచ్‌మన్ ఎంతో మర్యాదగా.

చనిపోయేవాళ్లూ ఆగారు. అంటే చనిపోయినట్టు రాయడం ఆగింది. దాంతో జ్వరం బారినపడి ఒక్కరూ పోలేదని తేలింది. మోడల్‌లో గీత ఎలా ఎక్కిందో ఊళ్లో జ్వరమూ అలాగే ఎక్కింది. వెంట్రుకవాసి తేడా లేదు. ఇంతటి కచ్చితత్వం ఎక్కడా చూడలేదని పత్రికలు మెచ్చుకున్నాయి. మంత్రిగారు మాస్టారిని కౌగిలించుకున్న ఫొటో ప్రతి ఆసుపత్రి గోడకూ ఎక్కింది. కౌగిలి ఫొటో కోసమే కాబట్టి, అది కలయిక కిందికి రాదని పీఏ వివరణ ఇచ్చాడు.

ఇంతలో చిట్టికి జ్వరం తగ్గింది. మాస్టారు చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయారు. ఆ వారంలోనే మూడో ఉత్తర్వు వచ్చింది, తగ్గినవారికి మళ్లీ రాకూడదని. మళ్లీ అదే వారంలో చిట్టి ఒళ్లు పెనంలా కాలింది.

మాస్టారు పిల్లను భుజాన వేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తారు. కౌంటర్ దగ్గర క్లర్కు పేరు అడిగి, కంప్యూటర్లో చూసి తల అడ్డంగా ఊపాడు.

"పాపకు తగ్గిపోయింది సార్."

"మళ్లీ వచ్చిందయ్యా! ఒళ్లు ముట్టుకుని చూడు!"

"ముట్టుకుంటే తెలుస్తుంది సార్, కానీ రాదు కదా. మాస్టారు రాశారు." క్లర్కు గోడ మీది ఫొటో చూపించాడు.

"ఆ మాస్టారిని నేనే!"

క్లర్కు దిగ్గున లేచి నిలబడ్డాడు. తన కుర్చీ తెచ్చి వేశాడు, మంచినీళ్లు ఇచ్చాడు. మంచం మాత్రం ఇవ్వలేదు. "మీరు రాసిన దాన్ని నేనెలా కాదంటాను సార్?"

మాస్టారికి తన మీద తనకే అసహ్యం వేసింది. అప్పుడే ఒక స్ట్రెచర్ గడగడమంటూ లోపలికి దూసుకుపోయింది. దాని మీద మంత్రిగారు దుప్పట్లో గజగజ వణుకుతున్నారు.

"ఈయనకూ రెండోసారే కదా!" అన్నారు మాస్టారు.

"వారు జనాభాలో లేరు సార్. ఎన్నిసార్లయినా రావచ్చు."

చిట్టి తండ్రి భుజం మీంచి తలెత్తింది. "నేను కూడా లేననుకుందాం నాన్నా," అంది నీరసంగా.

క్లర్కు మొహం వెలిగిపోయింది. "భలే చెప్పావమ్మా! రాయడానికి సార్ ఇక్కడే ఉన్నారుగా!" అని కాగితం, కలం ముందు పెట్టాడు.

మాస్టారు కలం తీసుకున్నారు. చిట్టి జనాభాలో లేదనుకుందాం అని రాశారు. క్షణంలో చిట్టికి మంచం దొరికింది, ఇంజెక్షన్ దొరికింది. జనాభాలో లేనివాళ్ల వార్డు ఒక్కటే కాబట్టి, మంత్రిగారి పక్క మంచమే ఇచ్చారు.

కాసేపటికి మంత్రిగారు కళ్లు తెరిచారు. "మాస్టారూ! మీరిక్కడ... ఎవరీ పాప? మీ అమ్మాయా?"

క్లర్కు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు, చేతిలో ఆ కాగితంతో.

"నాకు పిల్లలు లేరండీ," అన్నారు మాస్టారు, చిట్టి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ.