బంతి కనబడని వీడియో

శనివారం పొద్దున ఏడింటికల్లా చక్రధర్ పనులు పంచేశాడు. లాక్రోస్ క్యాంపుకు అదే ఆఖరి రోజు. ఆట వీడియో తీయడం తన పని. పులిహోర, గొడుగు, దేవుడికి మొక్కులు వాసంతివి. ఆడటం అనన్యది.

అనన్యకు పదిహేడో ఏడు. చివర వల కట్టిన కర్రతో బంతిని అందుకుని పరిగెత్తే ఈ ఆట తాముండే వాన్ ఊళ్ళో, బడి మైదానంలోనే నేర్చుకుంది. ఈ వేసవి క్యాంపుకు నూట ఇరవై మంది ఆడపిల్లలు వచ్చారు. వాళ్ళలోంచి తమ జట్లకు పిల్లలను ఏరుకోవడానికి పన్నెండు కాలేజీల కోచ్‌లు వచ్చారు. వాళ్ళలో డెట్రాయిట్ అవతలి కాలేజీ కోచ్ డాసన్ మేడమ్ మీదే అనన్య గురి. తను చదవాలనుకున్న కోర్సు అక్కడ ఉంది, జట్టులో ఒకే ఒక్క చోటు ఖాళీగా ఉంది. నిన్న ఆవిడ పిల్లలందరికీ ఒకటే చెప్పింది. ఇన్ని ముఖాలు తనకు గుర్తుండవు కాబట్టి, శనివారం ఆట వీడియోను సాయంత్రం ఐదు లోపు పంపాలి.

ఏడుంపావుకు చక్రధర్‌కు వేర్‌హౌస్ నుంచి ఫోన్ వచ్చింది. ఒక ట్రక్కు గేటుకు అడ్డంగా ఇరుక్కుందట.

"నువ్వే తియ్యి. ఫోన్ పట్టుకుని నిలబడటమేగా" అన్నాడు బూట్లు తొడుక్కుంటూ.

"ఆ ఆటే నాకు అర్థం కాదండీ. ఇంటర్ మొదటేడులోనే ఆపేసినదాన్ని, నన్ను పట్టుకుని..."

"వీడియో తీయడానికి ఇంటరెందుకే!"

"అమ్మా, జస్ట్ ఫాలో ద బాల్, ఓకే?" అంది అనన్య.

"అలాగేలే తల్లీ" అంది వాసంతి. బంతి ఎంత ఉంటుందో అడగాలని ఆమెకు తోచలేదు.

నిమ్మకాయంత ఉంది. అది ఎవరి వలలో ఉందో, ఎప్పుడు ఎవరి వలలోకి ఎగిరిందో ఆ పైవాడికే తెలియాలి. వాసంతి రెండు నిమిషాలు వెతికింది. ఆ తర్వాత తనకు బాగా తెలిసినదాన్ని వెతుక్కుంది. పదిహేడో నంబరు చొక్కా దొరికాక ఫోన్ దాన్ని వదల్లేదు. ఆటంతా అటు చివర జరుగుతుంటే ఫోన్ ఇటు చివర అనన్యనే చూసింది. జట్టు కోచ్ ఆమెను బెంచీ మీద కూర్చోబెడితే బెంచీని చూసింది. పైగా వాసంతి నోరు ఊరుకోలేదు.

"నీళ్ళు తాగు నాన్నా... ఆ పొడుగు పిల్లని చూడండి, మోచేత్తో ఎలా పొడుస్తోందో! ఎవరండీ ఆ టోపీ ఆవిడ? మా పిల్ల ప్రాణం పెట్టి ఆడుతుంటే ఆవులిస్తోందేంటి?" అంటూ ఒకసారి ఫోన్ కూడా అటు తిప్పింది. ఆ టోపీ ఆవిడే డాసన్ మేడమ్.

ఆఖరి నిమిషంలో అనన్య గోల్ కొట్టింది. జట్టును గెలిపించింది ఆ ఒక్క గోలే. సరిగ్గా ఆ క్షణంలో వాసంతి రెండు చేతులూ జోడించి దండం పెట్టుకుంటోంది. చేతుల మధ్య ఇరుక్కున్న ఫోన్ మబ్బులను తీసింది.

ఇంటికి వచ్చాక అనన్య వీడియో చూసి తెల్లబోయింది.

"అమ్మా, వేర్ ఈజ్ ద బాల్?"

"నాకేం తెలుసే? నువ్వెక్కడున్నావో అడుగు, చెప్తా."

"మరి నా గోల్?"

"కొట్టావుగా! కళ్ళారా చూశాను."

"వీడియోలో క్లౌడ్స్ ఉన్నాయి, అమ్మా!"

అనన్య కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. తన జట్టులోనే ఆడే స్నేహ వాళ్ళ నాన్న గోపీకృష్ణ మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా పెట్టి ఆటంతా తీశాడు. అది అడిగి తెస్తానని సైకిలెక్కింది. "డోంట్ టచ్ ఎనీథింగ్" అని మరీ చెప్పి వెళ్ళింది. బల్ల మీద లాప్‌టాప్ తెరిచే ఉంది. డాసన్ మేడమ్‌కు పంపాల్సిన మెయిల్ సగం రాసి ఉంది.

వాసంతికి కాలు నిలవలేదు. పిల్లకు ఆ కెమెరా దొరక్కపోతే? తన వీడియోలోంచి కనీసం తన గొంతు తీయించగలిగితే? పక్కింటి కోదండరామ్ గారిని పిలిచింది. ఆయన నలభై ఏళ్ళు వంతెనలు కట్టించి రిటైరైన ఇంజనీరు.

"మాటలు తీసెయ్యడమేగా అమ్మా, రెండు నిమిషాల పని" అని ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. మెయిల్ చూసి మొహం చిట్లించాడు. "హాయ్ కోచ్, ఏంటిది? పెద్దవాళ్ళకి ఇలాగా రాసేది?" అని మొత్తం చెరిపేసి, 'రెస్పెక్టెడ్ మేడమ్, విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్' అంటూ కొత్తగా అందుకున్నాడు. "ఒక్కావిడకే పంపితే మిగతా పదకొండు మంది చిన్నబుచ్చుకోరూ?" అని పక్కనే ఉన్న క్యాంపు కాగితం చూసి అందరి అడ్రసులూ చేర్చాడు. వీడియో జతచేసి, ఏదో నొక్కాడు. లాప్‌టాప్ హుష్షుమంది.

"సేవ్ చేశానమ్మా. ఇక గొంతు సంగతి చూద్దాం."

సరిగ్గా అప్పుడే అనన్య లోపలికి వచ్చింది. తెర చూసింది.

"అంకుల్! యూ సెంట్ ఇట్? టు ఎవ్రీవన్?"

తలుపు ధడాలున మూసుకుంది. గదిలోంచే తన ఫోన్‌లో గోపీకృష్ణ తీసిన వీడియోను డాసన్ మేడమ్‌కు పంపింది. బయట కోదండరామ్ తప్పు దిద్దుకునే పనిలో పడ్డాడు. 'కైండ్లీ ఇగ్నోర్' అని పన్నెండు మందికీ క్షమాపణ రాశాడు. "ఏది ఇగ్నోర్ చెయ్యాలో వాళ్ళకి తెలియాలి కదా" అని అదే వీడియోను మళ్ళీ జతచేశాడు.

సాయంత్రం ఏడింటికి అనన్య ఫోన్ మోగింది. డాసన్ మేడమ్. అనన్య స్పీకర్ నొక్కింది. అప్పుడే ఇంటికి చేరిన చక్రధర్ ఆవిడ మాటలను వాసంతి చెవిలో తెలుగు చేయసాగాడు.

"ఇవాళ నలభై వీడియోలు వచ్చాయట. అన్నిట్లోనూ బంతే ఉందట."

"అయిపోయింది" అంది వాసంతి.

"ఆగవే. బంతి చేతిలో ఉంటే అందరూ బాగానే ఆడతారట. లేనప్పుడు పిల్ల ఏం చేస్తుందో మన వీడియోలో ఒక్కదాంట్లోనే కనబడిందట. ప్రతిసారీ వెనక్కి పరిగెత్తిందట. బెంచీ మీద ఏడుస్తున్న పిల్లకి తన నీళ్ళిచ్చిందట. పొడిచిన ఆ పొడుగు పిల్ల పడిపోతే, చెయ్యిచ్చి లేపిందట."

"అవన్నీ నేను చూశాను!" అని వాసంతి పైకే అరిచింది.

డాసన్ మేడమ్ నవ్వి, వీడియోలో ఒకచోట ఫోన్ తనవైపు తిరిగిందని, అప్పుడు ఆ గొంతు ఏమందని అడిగింది.

అనన్య అమ్మవైపు చూసింది. "షీ సెడ్... యూ లుక్ టైర్డ్, కోచ్."

సెప్టెంబరులో వచ్చి జట్టుతో రెండు రోజులు ఉండమని, అప్పటిదాకా ఆ చోటు ఎవరికీ ఇవ్వనని ఆవిడ చెప్పింది. అంత మర్యాదైన ఉత్తరం తనకెన్నడూ రాలేదని కూడా అంది. ఇంకా అక్కడే ఉన్న కోదండరామ్ చొక్కా కాలరు సర్దుకున్నాడు.

ఫోన్ పెట్టేశాక అనన్య వచ్చి వాసంతి భుజం మీద తల ఆనించింది.

"అమ్మా, ఆటంతా నన్నే చూశావా?"

"ఇంకెవర్ని చూస్తానే?" అంది వాసంతి. పొయ్యి వెలిగించేలోపు నాలుగిళ్ళకు ఫోన్ చేసి 'మా అమ్మాయి' అని మొదలుపెట్టింది.

మరుసటి శనివారం ఊళ్ళో ఇంకో ఆట ఉంది. మైదానంలో గోపీకృష్ణ స్టాండు మడిచేసి, వాసంతి దగ్గరకు వచ్చాడు.

"అక్కా, మా స్నేహకి కూడా మీ చేత్తోనే ఒక వీడియో తీసిపెట్టాలి. కాదనొద్దు."

వాసంతి పొంగిపోయి, ఎంతో శ్రద్ధగా తీసింది. గంటన్నర వీడియోలో స్నేహ నాలుగుసార్లు కనబడింది, అనన్యకు అడ్డం వచ్చినప్పుడల్లా.